రెండో గుండీ

“రెండూ నువ్వే కోశావా?”

తల్లి చలికోటుని కుట్టుమిషన్ మీద పరిచింది. ఐదు నీలం గుండీలు ఉండాల్సిన కోటుకి మూడే ఉన్నాయి. పెద్దదాని బడిలో ఈమధ్యే చేరిన కొత్తమ్మాయి పొద్దున తెచ్చి ఇచ్చినప్పుడు నాలుగున్నాయి. ఒకటి ఎక్కడో ఊడి పడిపోయింది, అలాంటిదే వెతికి కుట్టమంది. రేపు పిల్లలందరినీ కొండ మీదికి తీసుకెళ్తున్నారు. కోటు లేనివాళ్లని బస్సెక్కించరు.

“ఒక్కటే కోశానమ్మా,” అంది తొమ్మిదేళ్ల పెద్దది.

“ఎవరికి చెప్తావే? ఊడిపోతే దారం పీచులు లేస్తుంది. ఇక్కడ రెండుచోట్లా కత్తెర పెట్టినట్టుంది. మొదటిది బడిలోనే కోసేశావన్నమాట! ఏం చేసింది నిన్ను ఆ పిల్ల?”

“నా ఫ్రెండ్‌ని లాక్కుంది! ఒకటో క్లాసు నుంచి ఆ ఉంగరాలజుట్టు పిల్ల నా పక్కనే కూర్చునేది. ఇది వచ్చి నెల కాలేదు, రోజూ ఇద్దరూ చెవులు కొరుక్కుంటారు. నేను వెళ్తే టక్కున నోరు మూసేస్తారు. రేపు బస్సులో కూడా వాళ్లిద్దరే! కోటు లేకపోతే ఇది రాదుగా?”

“అందుకా పొద్దున ఆ పిల్ల పలకరిస్తే తలుపు వెనక్కి పోయావు? గుండీ ఏది?”

“గుండీల డబ్బాలో పడేశా.”

“నేను తీస్తా!” అంటూ ఐదేళ్ల చిన్నది స్టూలెక్కి అల్మారాలో డబ్బా అందుకుంది. డబ్బా జారింది. వందల గుండీలు గదంతా దొర్లాయి. చిన్నది వాటి మధ్యలో కూలబడి రాగం మొదలెట్టింది.

“నన్నే కొట్టమ్మా. అక్క ఒక్కటే తీసింది. నేను అన్నీ పారబోశా. నేనే పెద్ద దొంగని.”

అంత కోపంలోనూ తల్లికి నవ్వొచ్చింది. “నువ్వు సాయం చేయబోయి పారబోశావురా బంగారం. అది ఒకళ్లని ఏడిపించాలని కోసింది. ఒక్కటైనా దానిదే పెద్ద తప్పు.”

చిన్నది ముక్కు తుడుచుకుంది. “మరి ఏడిపించాలని కాకుండా కోస్తే?”

“అలా ఎవరు కోస్తారే, పిచ్చిమొహమా!”

పెద్దది మోకాళ్ల మీద పాకుతూ మంచం కింద నుంచి నీలం గుండీ ఏరి తెచ్చింది. అప్పుడే గుమ్మంలో కొత్తమ్మాయి గొంతు వినిపించింది.

“ఆంటీ, కోటు అయిందా?”

పెద్దది వెళ్లి అరచేయి చాపింది. “ఇది నేనే కోశా. నువ్వు బస్సెక్కకూడదని. తప్పే. కానీ నీ మీద కోపం మాత్రం పోలేదు.”

“ఆ మొదటిది కూడా ఒప్పుకో,” అంది తల్లి.

“అది నేను కాదంటే వినవేంటమ్మా!” పెద్దదానికి ఏడుపు తన్నుకొచ్చింది.

కొత్తమ్మాయి తల దించుకుంది. జేబులోంచి అచ్చం అలాంటి గుండీయే తీసి, చాపిన ఆ అరచేతిలో రెండోదాని పక్కన పెట్టింది.

“అది నేనే కోసుకున్నానాంటీ. తను నాతో మాట్లాడట్లేదు, ఏం చేయనని ఉంగరాలజుట్టు పిల్లని రోజూ అడిగేదాన్ని. ‘వాళ్లమ్మ బట్టలు కుడుతుంది, ఏదో ఒక పని పెట్టుకుని వాళ్లింటికి వెళ్లు’ అంది.”