దత్తత తీసుకున్న ఏనుగుపిల్ల

“నోటుపుస్తకాలు అడుగున పెట్టు కాశమ్మా, గౌన్లు పైన. నలిగితే బాగుండదు,” అంది దమయంతి సోఫాలోంచి లేవకుండానే.

కాశమ్మ సూట్‌కేసు ముందు గొంతుక్కూర్చుని సర్దుతోంది. తెల్లారితే విమానం. మస్కట్ నుంచి కెన్యాకు పది రోజుల సఫారీ. అదేదో ఆషామాషీ సఫారీ కాదు. గది అద్దెలో కొంత అక్కడి పల్లె బడికి పోతుంది, కొంత తల్లి లేని ఏనుగుపిల్లల్ని సాకడానికి పోతుంది. ఈ సంగతి దమయంతి తాముండే రువి పేటలోని తెలుగు ఇళ్ళన్నిటికీ ఫోన్ చేసి మరీ చెప్పింది. పుణ్యం చేస్తే చాలా, నలుగురికీ తెలియొద్దూ!

ఫ్రిజ్ తలుపు మీద ఏనుగుపిల్ల ఫొటో అంటించి ఉంది. నెలనెలా ఒక సంస్థకి డబ్బు కట్టి దాన్ని దమయంతి దత్తత తీసుకుంది.

“ఈ పిల్ల తల్లి ఏమాయెనమ్మా?” అడిగింది కాశమ్మ.

“దంతాల కోసం చంపేశారు పాపిష్టివాళ్ళు. మూడు రోజులు తల్లి పక్కనే నిలబడిందట పిచ్చిది.” దమయంతి కళ్ళు నిజంగానే చెమర్చాయి. “ఇప్పుడు ఆ సంస్థవాళ్ళు సాకుతున్నారు. పెద్దయ్యాక అడవిలో తనవాళ్ళతో కలిపేస్తారు. అక్కడ బోన్లూ గీన్లూ ఉండవు. మనమే దూరం నుంచి చూసి రావాలి.”

“మంచోళ్ళమ్మా.”

“మంచోళ్ళేమిటి, దేవుళ్ళు!”

కాశమ్మ ఒక గౌను మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది. ఆ పల్లె బడిలో పంచడానికి కొన్నవాటిలో, ఏడేళ్ళ పిల్లకి సరిపోయే గౌను.

“ఆడ మన తెలుగోళ్ళు ఉంటారామ్మా?”

“మనవాళ్ళు లేని చోటు ఎక్కడుంది? నైరోబీలో ఉగాది పచ్చడి కూడా పంచుతారట.”

కాశమ్మ ఆ గౌన్ని సూట్‌కేసులో పెట్టి తలెత్తింది.

“అమ్మా, ఈ పది దినాలు మీరుండరు గదా. నేనూ కడపకు పోయొస్తా. నా బిడ్డ రమణిని ఇడిసిపెట్టొచ్చి మూడేండ్లాయె. మొన్న ఫోన్లో నన్ను ‘అత్తా’ అనింది.”

“అయ్యో, అలా అందా!” దమయంతి నొచ్చుకుంది. “పంపిస్తాంలే. రాగానే సార్‌తో నేనే చెప్తాను. నీ పాస్‌పోర్టు ఆయన లాకర్లో భద్రంగా ఉంది.”

“పోయినేడూ అట్నే అంటిరమ్మా.”

“ఈసారి ఒట్టు. ఫ్రిజ్ నిండా కూరగాయలున్నాయి, బియ్యం ఉన్నాయి. కడుపునిండా తిను, టీవీ చూసుకో. చెత్త మాత్రం బాల్కనీలో మూటకట్టి పెట్టు, మేం వచ్చాక పడేద్దాం.”

“అట్నేమ్మా. ఈ పెన్సిళ్ళలో ఒకటి తీసుకుందునా? రమణికి రెండు ముక్కలు రాసుకుంటా.”

“తీసుకోవే, నీకంటేనా!”

ఊళ్ళో రాత్రిబడికి పోయి నాలుగక్షరాలు నేర్చుకుంది కాశమ్మ. వంటింటి గట్టు మీద వంగి చాలాసేపు రాసింది. పొద్దున సూట్‌కేసు మూత వేసేముందు, పై గౌను మడత ఇంకోసారి సరిచేసింది.

ఐదో రోజున దమయంతీ, ఆమె భర్త వెంకటేశ్వర రావూ పల్లె బడికి వెళ్ళారు. పిల్లలు పాట పాడారు. హెడ్‌మిస్ట్రెస్ సూట్‌కేసు తెరిచి గౌను పైకెత్తి విదిలించింది. మడతలోంచి ఒక కాగితం జారిపడింది.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. “మీ భాష కాబోలు. మా పిల్లలకు చదివి చెప్పండి.”

దమయంతి తీసుకుంది. చదివింది. చేతిరుమాలుతో నుదురు తుడుచుకుంది.

“ఎవరిదే?” అన్నాడు రావు.

“కాశమ్మది.” దమయంతి ఇంగ్లీషులోకి మారింది. “మా ఇంట్లో పనిచేసే ఆవిడ రాసింది. ప్రపంచంలో ప్రతి బిడ్డా తల్లి ఒడికి చేరాలట. మీ అందరికీ దీవెనలు పంపింది.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళొత్తుకుంది.

“ఎంత మంచి మనసు! మీలాంటి వాళ్ళింట్లో ఉండడం ఆమె అదృష్టం. ఇటివ్వండి, బడి గోడకి అంటిస్తాం.”

“వద్దండీ, ఇది నేను దాచుకుంటాను,” అంటూ దమయంతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో, ఇంటి తాళంచెవుల కిందకి తోసేసింది.

అందులో కాశమ్మ రాసింది ఒక్క ముక్కే: “తెలుగు సదివే అయ్యా, మీరిది సదివేటప్పటికి నేను పనిచేసే ఇంటోళ్ళు నన్ను ఇంట్లో పెట్టి బయట తాళమేసుంటారు.”