దొరకని కడ్డీ

పిలవగానే వచ్చాడు గానీ, చెవుల మనిషి వెంటనే వెతకడం మొదలుపెట్టలేదు.

మెటల్ డిటెక్టర్ కర్ర చివరి పళ్లాన్ని నేలకు కాస్త పైన పట్టుకుని, ఎత్తుతూ దించుతూ ఒకేచోట నిలబడ్డాడు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. అందుకే వీధిలో ఆ పేరు.

"ఏమయ్యా, వెతకమంటే ఊయల ఊపుతున్నావేంటి?" అన్నాడు అన్న.

అతను ఒక చెవి ఖాళీ చేసుకున్నాడు.

"నేల నిండా ఇనుప రజనే ఉందండి. ఊరికే మోగుతోంది. ముందు ఈ మట్టి మోత తగ్గేలా మిషన్‌ని సరిచేసుకోవాలి. అప్పుడే లోపలున్నది వినిపిస్తుంది."

"రజను ఎందుకుండదు? నాన్న కొలిమి ఇక్కడేగా," అన్నాడు తమ్ముడు, అన్న వైపు చూడకుండా.

తండ్రి పోయాక స్థలం రెండు వాటాలైంది. ముందువైపు ఆయన పాతిన ఇనుప కడ్డీ, పెరట్లో మరొకటి. రెండిటి మధ్య గీత గీస్తే అదే హద్దు. ముందుది కనిపిస్తూనే ఉంది. పెరట్లోది ఎప్పుడో పూడిపోయింది. తమ్ముడు వేసుకున్న వెనకగది తన వాటాలో ఉందని అన్న, లేదని తమ్ముడు. మాటలు మానేసి చాలాకాలమైంది.

ఆ గదిలోంచి కుట్టుమిషన్ చప్పుడు ఆగకుండా వస్తోంది.

"లోపల ఎవరండీ?" అన్నాడు చెవుల మనిషి.

"మా ఆవిడ. నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ మిషన్ మీదే మా ఇల్లు నడుస్తోంది," అన్నాడు తమ్ముడు.

"కడ్డీ ఈ గదికి అవతల దొరికితే?"

"గది పడగొట్టి గోడ కడతా," పేర్చి ఉన్న ఇటుకలు చూపించాడు అన్న. "పెద్దమనుషుల ముందు ఇద్దరం మాటనుకున్నాం."

తమ్ముడు తలూపాడు. పౌరుషంలో మాత్రం ఇద్దరికీ సమానంగానే వాటా వచ్చింది.

చెవుల మనిషి మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కొలిమి వైపంతా వెతికాడు. కుళాయి నీళ్లు పారే బురద వైపు వచ్చి, మళ్లీ ఎత్తడం, దించడం మొదలుపెట్టాడు.

"మళ్లీనా?" విసుక్కున్నాడు అన్న.

"ఇది తడి నేలండి. పొడి నేలకి సరిపెట్టింది దీనికి పనికిరాదు."

దొరికిన తుప్పు మేకులన్నీ జేబులో వేసుకుంటూ, చివరికి వెనకగది గోడకు అవతలికి వెళ్లాడు. అక్కడ చాలాసేపు ఆగాడు. మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు.

లోపల కుట్టుమిషన్ ఆగిపోయింది.

అన్న పరుగులాంటి నడకతో వచ్చేసరికి అతను మట్టి కప్పేస్తున్నాడు.

"ఏం దొరికింది?"

"మేకండి," అని చూపించాడు.

కాసేపటికి కుట్టుమిషన్ మళ్లీ మొదలైంది.

పొద్దువాలే వేళకు అతను సామాను సర్దుకున్నాడు. "కడ్డీ దొరకలేదండి. కూలీ వద్దు."

అన్నకు ఒళ్లు మండింది. అతని చేతుల వైపు చూశాడు. ఒక చేతికే తోలు గ్లౌజు ఉంది.

"రెండోది ఏదయ్యా?"

"ఎక్కడో పడిపోయిందండి."

"తన గ్లౌజే కాపాడుకోలేనివాడు మన కడ్డీ వెతుకుతాడట," అని వీధి మొత్తానికి వినిపించేలా అన్నాడు అన్న. వీధి నవ్వింది. అతనూ నవ్వబోయి, తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అటువైపు ఎవరూ అతన్ని పిలవలేదు. కొన్నాళ్లకు కనిపించడం కూడా మానేశాడు.

కడ్డీ లేనిదే గోడ లేదు. ఇటుకలు అలాగే ఉండిపోయాయి. మొదట వాటి మీద తోడికోడళ్లు కూర్చున్నారు. తర్వాత పిల్లలు. చివరికి ఒకరోజు, ఎండ తగ్గాక, చెరో చివర అన్నదమ్ములు. ముందు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, కొత్తగా పరిచయమైనవాళ్లలా. తర్వాత నాన్న గురించి.

ఇటుకలు కాస్తా అరుగైపోయాయి. అన్న కూతురు పిన్ని దగ్గర కుట్టు నేర్చుకుని, వెనకగదిలో రెండో మిషన్ వేసుకుంది.

మరుసటి వేసవిలో రెండిళ్లకూ కలిపి నీళ్ల పైపు వేద్దామనుకున్నారు. గది గోడకు అవతల అన్న గునపం వేస్తుంటే ఏదో ఖంగుమంది. చేతులతో మట్టి తీశాడు.

ముందు తోలు వేళ్లు కనిపించాయి. ఒక గ్లౌజు. దాన్ని లాగితే, కింద నిటారుగా ఇనుప కడ్డీ. తల దగ్గర నాన్న కొట్టిన మెలిక, ముందువైపు కడ్డీకి ఉన్నటువంటిదే.

అన్న అక్కడే చతికిలబడ్డాడు. అంటే తన మాటే నిజం. గది మొత్తం తన వాటాలోనే ఉంది.

లోపల రెండు మిషన్లు పోటీపడి కుడుతున్నాయి. మరదలు ఏదో అంటే కూతురు పడీపడీ నవ్వుతోంది.

వీధి నవ్విన నవ్వు గుర్తొచ్చింది అన్నకు. కాళ్లు పట్టుకుందామన్నా ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

"ఏం తగిలిందన్నయ్యా?" పైపు భుజాన వేసుకుని వస్తూ అడిగాడు తమ్ముడు.

అన్న గ్లౌజును మళ్లీ కడ్డీకి తొడిగాడు. రెండు చేతులతో మట్టి లాగి కప్పేశాడు.

"మేకురా," అన్నాడు.