పన్నెండో మొహం

"ముక్కు ఇలా ఉండదు నాయనా. ఇంకాస్త లావు" అంది ముసలామె.

చిత్రకారుడు కుంచె కింద పెట్టాడు. ఆ ఒక్క మొహానికి ఇది నాలుగో టైలు. మిగతా పదకొండు మొహాలూ ఎప్పుడో బట్టీలో కాలి, గోడకెక్కి, సిమెంటు కూడా ఆరిపోయింది.

ఆ వీధి చరిత్రంతా గోడ మీదికి ఎక్కించమని కాలనీ కమిటీ అతనికి పని అప్పగించింది. మొదటి కుళాయి, దాని ముందు బిందెల వరస, మొదటి బస్సు, బడి గంట, అన్నీ టైల్స్ మీద వేశాడు. కటింగ్ షాపాయన తన తాతకి జుట్టు ఒత్తుగా ఉండాలని పట్టుబట్టాడు. ఊరందరి తలలూ బాగుచేసినవాడికి బట్టతలేంటని ఆయన బాధ. సరేనని అదీ వేశాడు. చివర్లో మిల్లు. ఆరేళ్ళ కిందట అది తగలబడింది. రాత్రి షిఫ్టులో ఉన్న పన్నెండుమందీ పోయారు. వాళ్ళకి మనిషికో టైలు.

పదకొండుమందికి ఫోటోలు దొరికాయి. పన్నెండోవాడు వాచ్‌మన్, ఈమె ఒక్కగానొక్క కొడుకు. ఫోటో అడిగితే వానకి తడిసి పాడైపోయాయంది. పోనీ వీధిలో ఎవర్నైనా అడుగుదామంటే, మిల్లు తగలబడేనాటికి తల్లీకొడుకులు ఆ వీధికొచ్చి నెలే అయింది. వాడికి రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర. వాడి మొహం బాగా తెలిసినవాళ్ళంతా ఇప్పుడు ఆ గోడ మీదే ఉన్నారు.

ఇక తల్లి నోటిమాటే దిక్కయింది.

రోజూ పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చునేది. కళ్ళు చిన్నవి చెయ్యమనేది. చెవులు తలకి అంటుకుని ఉండాలనేది. ఒకసారి చిత్రకారుడు, తల్లి పోలిక రాకుండా ఎక్కడికి పోతుందిలే అని, ఆమె ముక్కే చూసి గీశాడు. ఆమె మొహం పాలిపోయింది.

"చెరిపెయ్ నాయనా. వాడు నాలా ఉండడు."

అతనికి విసుగొచ్చేది. అంతలోనే జాలేసేది. శవాల్ని వరసగా పడుకోబెట్టినప్పుడు ఈమె మనిషో మొద్దో తెలియని ఒక బొగ్గుముద్ద దగ్గర ఆగి "వీడే" అందట. ఆఖరిసారి చూసింది అదైతే కళ్ళూ ముక్కూ ఎలా గుర్తుంటాయి పాపం.

గొడవంతా కుట్టుమిషనామెతో వచ్చింది. ఆమె మొగుడిది గోడ మీద మూడో టైలు.

"వాడి బొమ్మ దేనికండీ? గేటుకి తాళం వేసింది వాడేగా" అంది, ముసలామె వింటుండగానే. "తాళంచెవి వాడి దగ్గరే ఉంది. బూడిదంతా జల్లెడ పట్టినా దొరకలేదు. గేటు తీసుంటే మా ఆయన బతికేవాడు. వాడూ పోయాడు కాబట్టి నోరు మూసుకున్నాం. లేకపోతే ఏ కలుగులో దాక్కున్నా వెతికి లాక్కొచ్చేవాళ్ళం."

ముసలామె స్టూలు ఇంకాస్త గోడ వైపు జరుపుకుంది.

కమిటీ సెక్రటరీ కర్ర విరక్కుండా పాము చావకుండా ఒక దారి చెప్పాడు. శుక్రవారంలోగా మొహం కుదిరితే సరే, లేదంటే ఉత్త టైలు మీద పేరు రాసి వదిలేద్దామన్నాడు.

ఆయన అటు వెళ్ళగానే ముసలామె చిత్రకారుడి చెయ్యి పట్టేసుకుంది.

"ఉత్త టైలు వద్దు నాయనా. వాడికంటూ ఒక మొహం ఉండాలి. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అంత మాటెందుకు పెద్దమ్మా. కూర్చో. నువ్వెలా చెబితే అలాగే గీస్తా."

ఐదో టైలు తీశాడు. ముక్కు లావు చేశాడు. పెదాలు పల్చన చేశాడు. నుదురు తగ్గించాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వీడే" అంది.

టైలు బట్టీలోకి వెళ్ళింది. అది వేడెక్కుతుంటే ఆమె చూడలేక అటు తిరిగి నిలబడింది.

"కాలాక ఇంకెవరూ మార్చలేరుగా?"

"సుత్తితో పగలగొడితే తప్ప మారదు పెద్దమ్మా. మనం పోయినా అది ఉంటుంది."

ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

శనివారం వీధి వీధంతా గోడ దగ్గరికి వచ్చింది. కుట్టుమిషనామె కూడా వచ్చింది. నాలుగు మాటలు అనడానికే వచ్చింది. పన్నెండో మొహం ముందు నిలబడి, దాని చెంప మీద వేలు ఆనించి చూసింది. తర్వాత ముసలామె పక్కన కూలబడింది.

"ఇంత పసివాడనుకోలేదు పిన్నీ. ఆరేళ్ళుగా పొద్దున లేస్తే వాడికి శాపనార్థాలే పెట్టాను. మొహం చూశాక ఇక నోరు రావట్లేదు."

ముసలామె వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె తల నిమిరింది. ఆ ఇద్దర్నీ చూసి సెక్రటరీ అంతటివాడు ఉపన్యాసం మానేసి కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే వచ్చి ముసలామెని పలకరించి వెళ్ళారు.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి, వీధి తలుపు గడియ పెట్టి, వెనక గదిలోకి తొంగిచూసి మెల్లగా అంది: "ఇక బయటికి రారా కన్నా, గోడ మీద వాడికీ నీకూ ఎక్కడా పోలిక లేదు."