పద్నాలుగో పేరు

పదమూడు పేర్లు పిలిచి బుచ్చమ్మ నోరు మూసుకుంది.

వీరేశం చేతిలో కొరివి కాలుతోంది. ఎదురుగా బండకు తొలిచిన రంధ్రం నిండా పేలుడు మందు కూరి ఉంది. వత్తి బయటికి వేలాడుతోంది. గుట్ట మీద చాటుకు పోయిన కూలీలు పద్నాలుగు మంది. బుచ్చమ్మ పిలిచింది పదమూడు మందినే. ఆ మిగిలిన ఒక్కడూ ఐలయ్య.

ఇవాళ కొత్త కాదు. వీరేశం పనిలో చేరి పది రోజులు, పది రోజులూ ఇదే తంతు.

ఈ రాయదుర్గం గుట్టలోనే పోయినేడు ఒకడు పేలుడుకు చచ్చాడు. వత్తి అంటించినవాణ్ణి జైల్లో వేశారు. అప్పుడు గుట్టను గుత్తకు తీసుకున్న సేటు ఒక కాయిదా పెట్టాడు. నిప్పు పెట్టేముందు ఒక మనిషి అందరి పేర్లూ పిలవాలి. బండల చాటునుంచి ఒక్కొక్కరూ 'ఉన్న' అనాలి. అందరూ పలికాకే వత్తి అంటించాలి. పిలిచే పని బుచ్చమ్మకిచ్చారు. ఆమె గొంతెత్తితే గచ్చిబౌలిలో ఎడ్లు బెదురుతాయని పేరు. అంటించే పని వీరేశానిది. ఎవరైనా పోతే జైలుకు పోయేదీ అతనే. ఆ మాట మీద వేలిముద్ర వేయించుకున్నాకే పనిలో పెట్టుకున్నారు.

వేయక ఏంచేస్తాడు? రజాకార్ల గడబిడలో మెదక్ దిక్కున ఇల్లు తగలబడిపోయింది. పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని కట్టుబట్టలతో వచ్చాడు. ఈ పని పోతే గంజికి గతి లేదు.

మొదటి రోజు ఆమె మరిచిపోయిందనుకున్నాడు. రెండో రోజు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మూడో రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"అక్కా, ఐలయ్య పేరు ఇడిసిపెడుతున్నవేంది?"

బుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచి వాళ్లిద్దర్నీ కనిపెట్టి చూశాడు. ఐలయ్య ఈ కొసన పనిచేస్తే ఆమె ఆ కొసన. ఎదురుపడితే దారి తప్పుకుని నిలబడుతుంది. పల్లెత్తు మాట లేదు. ఒకసారి కుండలో నీళ్లు లేవని ఐలయ్య కస్సుమన్నాడు. ఆమె తల దించుకుంది గానీ బదులు చెప్పలేదు. ఏ భూమి తగాదానో, ఏ పాత పగో. పగ ఉంటే బావి దగ్గర తిట్టుకోవాలి గానీ, మందు దగ్గరా తీర్చుకోవడం? మధ్యలో తన కొంపా ముంచడం?

రామచంద్రం మేస్త్రితో మొరపెట్టుకున్నాడు. ఆయన పకపకా నవ్వాడు. ఆమె సంగతి వదిలేసి నీ పని నువ్వు చూసుకోమన్నాడు. ఐదో రోజు వీరేశం తెగించి తనే ఐలయ్య పేరు అరిచాడు. రెండు గొంతులు లేస్తే ఎవడు దేనికి పలికాడో తెలియదని మేస్త్రి అందరిముందూ కడిగిపారేశాడు. ఇంకోసారి అరిస్తే పని ఉండదన్నాడు.

ఇంకేం చేస్తాడు? మైసమ్మకు మొక్కుకుని అంటించేవాడు. పొగ తేలి, ఐలయ్య దుమ్ము దులుపుకుంటూ లేస్తే గానీ ఊపిరి తిరిగేది కాదు.

పేర్లయ్యాక బుచ్చమ్మ ఒక పని చేసేది. సుత్తితో గడ్డపార మీద టంగుమని ఒక దెబ్బ వేసేది. ఎక్కడినుంచో ఉలి మీద ఇంకో టంగు వినబడేది. రాళ్లు కొట్టే చోట చప్పుళ్లకేం కొదవ? వీరేశం పట్టించుకోలేదు.

ఇవాళ మాత్రం మొండికేశాడు.

"ఐలయ్య పేరు పిలిస్తేనే అంటిస్త."

బండ చాటున ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నవ్వండి తల్లీ, జైలుకు పోయేది మీరా, అనుకున్నాడు. బుచ్చమ్మ బండ చాటుకు నడిచింది. సుత్తి కోసం వంగింది.

మేస్త్రికి ఒళ్లు మండింది.

"అంటిస్తవా, మూట సర్దుకుంటవా?"

వీరేశానికి పిల్లలు కళ్లలో మెదిలారు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వత్తికి నిప్పు పెట్టి పరుగెత్తాడు.

వెనక టంగుమంది. బదులు లేదు.

మళ్లీ టంగుమంది. లేదు. ఆ తర్వాత ఆగకుండా మోగింది.

వీరేశం బండ చాటుకు చేరి వెనక్కి చూశాడు. బుచ్చమ్మ సుత్తి పారేసింది. చాటు వదిలి బయటికొచ్చి నిలబడింది. వత్తి సగం కాలిపోయింది.

"ఐలయ్యా! ఓ ఐలయ్యా!"

గుట్ట దద్దరిల్లింది. మందు కూరిన బండ కిందినుంచి ఐలయ్య లేచాడు. పొద్దటినుంచీ జ్వరం, నీడ చూసి అక్కడ ఒరిగినట్టున్నాడు. పిలిచిందెవరో అర్థం కానట్టు ఒక్క క్షణం ఆమెవైపే చూశాడు. ఆమె మళ్లీ పేరు పెట్టి అరిచింది. అప్పుడు పరుగెత్తాడు.

బండ పేలింది.

పొగ తేలేసరికి ఐలయ్య దూరంగా నిలబడి ఉన్నాడు. మోచేయి చీరుకుపోయింది, అంతే. బుచ్చమ్మ నేల మీద కూలబడి, చెంపలు వాయించుకుంటూ ఏడుస్తోంది.

వీరేశం ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పది రోజుల భయమంతా కోపమై నోటికొచ్చింది.

"ఇన్ని దినాలు ఆ ఒక్క పేరు పిలిస్తే నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతుండెనా?"

ముసలి రుక్కమ్మ బుచ్చమ్మ తలను ఒళ్లోకి తీసుకుంది.

"గట్లనకు కొడుకా, పెండ్లయి ఇరవై ఏండ్లాయె, మొగని పేరు ఇది నోట తీసుడు ఇయ్యాల్నే."