ఒక్కటైనోళ్లు

షామీర్‌పేట దగ్గర ఓ చిన్న చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసింది. సంఘపెద్ద ఏలియా యువకులను కూర్చోబెట్టుకున్నాడు.

"ప్రపంచమంతా ఒక్కటే సర్కారైతే ఇగ మిలిటరీతోని ఏం పని? తుపాకులన్నీ పాత ఇనుప సామానోనికి అమ్ముడే!"

"లోపలోళ్లే కొట్టుకుంటే ఎవరు ఆపుతరు నాయినా?" అని అతని కూతురు షైని అడిగింది.

"ఒక్కటైనోళ్లు ఎందుకు కొట్టుకుంటరు బిడ్డా?" ఏలియా నవ్వాడు.

అంతలో గేటు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ లోపలికొచ్చాడు.

"పెద్దాయనా, మీ వర్గం ప్రార్థన అయిపోతే జల్దీ ఎళ్లిపోండ్రి. మీ చర్చి రెండో వర్గమోళ్లు బయట నిలబడ్డరు. ఎదురుపడితే పోయిన వారం లెక్కనే మళ్ల తలకాయలు పగలగొట్టుకుంటరు."

షైని తండ్రి వైపు చూసింది.

కట్టు కట్టిన పిడికిలిని ఏలియా బైబిలు కింద దాచుకున్నాడు.