నీలవేణి రాయని బ్లాగు

అప్పటికి ప్రతి కంపెనీ అధిపతికీ రోజూ బ్లాగు ఉండి తీరాల్సిందే. రాసే తీరిక ఎవరికీ లేదు గనక, మెడలో వేసుకున్న లాకెట్ రోజంతా వాళ్ల మాటలు విని, తెల్లారేసరికి వాళ్ల మాటతీరులోనే రాసి, నెట్‌లో పెట్టేసేది.

విశాఖలో జీడిపప్పు కంపెనీ నడిపే నీలవేణి ఆ ఉదయం దోసె వేస్తుండగా పలాస ఫ్యాక్టరీ మేనేజర్ గున్నయ్య ఫోన్ చేశాడు. ఆ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని అతనికెలా చెప్పాలా అని ఆమె కొన్నాళ్లుగా మథనపడుతోంది.

“అమ్మా, మీ బ్లాగు సదివినాం. మూసేస్తారేమోనని బెంగెట్టుకున్నాం, ఫ్యాక్టరీ మూయనని రాసినారు గదా! ఆడోళ్లందరూ సంతోసంతోటి ఏడుస్తన్నారు.”

నీలవేణి తెల్లబోయింది. “నేనలా అనలేదు గున్నయ్యా. అది తప్పు రాసింది.”

“మరి అందులోనే ఉన్న మీ అమ్మగారి సంగతో? జీడిపిక్కలు కొట్టి ఆమె సేతులు పుండ్లు పడిపోతే, మీరే అన్నం కలిపి తినిపించీవారంట. అదీ తప్పేనా అమ్మా?”

ఆ సంగతి ఆమె భర్తకు కూడా చెప్పలేదు. మరి ఎప్పుడంది? వంట చేస్తూ తనలో తను గొణుక్కుందా? ఆ నోటితోనే ఫ్యాక్టరీ మూయనని కూడా అనేసిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పెనం మీద దోసె మాడిపోయింది.

“అమ్మా, ఉన్నారా?”

“ఉన్నాను. అది తప్పు కాదు,” అంది నీలవేణి. “వాళ్లను పనిలోకి రమ్మను.”

ఫోన్ పెట్టేశాక కూడా, ఆ నిర్ణయం తనదో లాకెట్‌దో ఆమెకు తేలలేదు. మాడు వాసనకి భర్త కంగారుగా వంటింట్లోకి వచ్చాడు.

ఆమె లాకెట్ తీసి పక్కన పెట్టి, “మా అమ్మ గురించి మీకొకటి చెప్పాలి, కూర్చోండి,” అంది.