చల్లారిన పైపు

విజయరత్నం బాయిలర్ షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల ఏబెల్ ఆవిరి వాల్వు చక్రం పట్టుకుని నిలబడ్డాడు. అతనికి చెప్పాలి. అతని భార్య షెరిన్ ఈ తెల్లవారుజామున రాజమండ్రి ఆస్పత్రిలో పోయింది.

ఏబెల్‌కి ఇంకా తెలియదు. ఫోన్లూ వరసలూ గేటు బయటే వదిలి రావాలన్నది షిఫ్ట్ ఇన్‌చార్జిగా విజయరత్నం పెట్టిన రూలు. గుమ్మంలోనే హెల్మెట్ పట్టీ విప్పాడు. మళ్ళీ బిగించాడు.

ఇప్పుడే చెబితే?

వద్దు. రిపేరు కోసం వారం రోజులు ఆపిన లైను అది. చల్లారిన పైపు అడుగున నీరు చేరుతుంది. ఆవిరి ఒక్కసారిగా వదిలితే ఆ నీటిని ఎత్తి విసురుతుంది. సుత్తి దెబ్బే. వెల్డింగులు విచ్చుకుంటాయి, మనుషులు కాలిపోతారు. ముందు అడుగు నీరు తీసేయాలి. తర్వాత వాల్వు వెంట్రుకవాసి తెరవాలి. పైపు వేడెక్కేదాకా ఆగాలి. ఏబెల్ చెయ్యి ఇప్పుడు వణక్కూడదు. పక్కనున్న రెండో ఆపరేటర్ జహాంగీర్‌కి అప్పగిద్దామంటే అతనికి తొందరెక్కువ.

"సార్, ఈయన తిప్పుడు జూస్తే రేపటికి గూడ ఆవిరి రాదు," అన్నాడు జహాంగీర్. "రోజూ మీ సుత్తి ఇని ఇని నత్త అయిండు."

"నత్తకే నూకలు ఎక్కువ రోజులుంటాయి భాయ్," అన్నాడు ఏబెల్.

విజయరత్నం బయటికెళ్ళి మొహం కడుక్కున్నాడు. దోహా ఎండకి కుళాయి నీళ్ళు కాగిపోతున్నాయి. లోపలికొచ్చాడు. మళ్ళీ వెళ్ళి కడుక్కున్నాడు.

చివరికి పైపు వేడెక్కింది. ఎక్కడా చప్పుడు లేదు. చక్రం జహాంగీర్‌కి అప్పగించి, ఏబెల్‌ని నీడలోకి తీసుకెళ్ళాడు.

"షెరిన్‌కి ఒంట్లో నలతగా ఉందట."

"రాత్రి మాట్లాడానుగా సార్. వచ్చేవారం వచ్చేస్తానంది. ఇక్కడ అల్ వుకైర్‌లో ఫ్లాట్ దొరికిందని చెప్పాను."

"తర్వాత ఆయాసం వచ్చిందట. ఆస్పత్రిలో చేర్చారు."

ఏబెల్ గ్లౌజులు తీశాడు. "ఇప్పుడెలా ఉంది?"

"ముందు కూర్చో. కాసిని నీళ్ళు తాగు."

కూర్చున్నాడు. తాగాడు.

"ఐసీయూలో పెట్టారు."

"సార్..."

ఇంకొక్క తిప్పు.

"సాయంత్రం ఫ్లైటుకి టికెట్లు తీయించాను."

గల్ఫ్‌లో బతికేవాడికి అంతకు మించి చెప్పక్కర్లేదు. ఇంట్లో జబ్బయితే సెలవు కోసం పదిమందిని బతిమాలుకోవాలి. అడక్కుండానే టికెట్ వచ్చిందంటే ఇంక ఒకటే అర్థం.

సీసాలో నీళ్ళు ఏబెల్ ఒళ్ళోకి ఒలికిపోయాయి. తల దించుకున్నాడు. భుజం మీద వేసిన విజయరత్నం చెయ్యి వణుకుతోంది. ఏబెల్ తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మీకెవరు చెప్పారు మావయ్యా, మీ కూతురు పోయిందని?"